కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడు చుట్టుపక్కల ప్రజలకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

విశాఖపట్నంలో గోపాలపట్నం దగ్గరి ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో అత్యవసర సైరన్ మోగించే ఏర్పాటు ప్రధాన ద్వారంతో సహా 36 చోట్ల ఉండేది. 2020 మే 7 తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ట్యాంకులోంచి బయటపడి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకినప్పుడు ఆ సైరన్‌ను ఎవరూ వాడలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో తేల్చింది. జనం సైరన్‌కు కాక ఘాటు వాసనకు, కళ్ల మంటకు, ఇరుగుపొరుగు కేకలకు లేచారు. లేచినవారు ఎటు పోవాలో తెలియక పరుగు తీశారు, చాలామంది రోడ్ల మీదే కుప్పకూలారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి.

ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత ఎందుకు పెరిగింది, శీతలీకరణ ఎందుకు చాలలేదు అన్నవి ఇంజనీర్లు తేల్చుకోవలసిన ప్రశ్నలు. ఈ వ్యాసం దాని పక్కనే ఉన్న వేరొక ప్రశ్న గురించి: లీకు జరిగిపోయాక, గోడ అవతల నిద్రపోతున్న మనిషికి సమాచారం ఎలా చేరాలి? కర్మాగారాల భద్రతాధికారులు, స్థానిక సంక్షోభ బృందాల సభ్యులు, మండల అధికారులు, సర్పంచులు, సచివాలయ సిబ్బంది చేయగలిగిన పనులను, చేయవలసిన వరుసలో చెప్పే ప్రయత్నం ఇది.

ప్రమాదం రాకముందే

అత్యవసర వేళ చెప్పవలసిన మాటలను అత్యవసర వేళ రాయలేము. చేతులు వణుకుతుంటాయి, ఫోన్లు ఆగకుండా మోగుతుంటాయి, పైఅధికారి ఒకటి చెప్పమంటే యాజమాన్యం ఇంకొకటి చెప్పమంటుంది. అందువల్ల ప్రకటనలన్నీ ముందే రాసి, ప్రమాదం జరిగిన చోటు, గాలి దిశ, సమయం నింపడానికి మాత్రమే ఖాళీలు వదిలి, గేటు దగ్గర భద్రతా సిబ్బంది గదిలోను, తహసీల్దారు కార్యాలయంలోను, పోలీస్ స్టేషన్‌లోను ఒక్కో ప్రతి ఉంచాలి. కర్మాగారంలో నిల్వ ఉన్న ప్రతి ప్రమాదకర రసాయనానికీ ఒక ప్రకటన వేరుగా ఉండాలి. అమ్మోనియాకు చెప్పేది ఎల్పీజీకి చెబితే ప్రాణాలు పోతాయి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదో ఆధారపడిన పని కాదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41బి సెక్షన్ ప్రమాద సమయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను కార్మికులకే కాక చుట్టుపక్కల నివసించేవారికి కూడా తెలియజేయాలని ఆదేశించింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం కర్మాగారం లోపలి ప్రణాళిక యాజమాన్యం బాధ్యత, గోడ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. లోపలి ప్రణాళికపై ఆరు నెలలకోసారి, బయటి ప్రణాళికపై ఏడాదికోసారి మాక్ డ్రిల్ జరగాలి. 1996 నియమాలు కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందాన్ని, దాని కింద పారిశ్రామిక ప్రాంతాలలో స్థానిక బృందాలను ఏర్పాటు చేయమన్నాయి. మీ ఊరి పక్కన పెద్ద రసాయన కర్మాగారం ఉంటే, మీ స్థానిక బృందంలో ఎవరెవరున్నారో, చివరి డ్రిల్ ఎప్పుడు జరిగిందో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి. అడిగేవారు ఉంటే ఫైళ్లు కదులుతాయి.

ఇక రాయవలసిన భాష సంగతి. కొన్నేళ్ల కిందట ఒక గ్రామంలో జరిగిన మాక్ డ్రిల్‌కు పరిశీలకుడిగా వెళ్లాను. మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరుగుతూ, “గ్రామ ప్రజలు వాయుప్రవాహ దిశకు లంబంగా ప్రయాణించి సురక్షిత ప్రాంతానికి చేరుకోవలసిందిగా కోరడమైనది” అని చదువుతోంది. ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ఒక ముసలమ్మ చేయి ఆపి, “లంబమంటే ఎటు నాయనా?” అని అడిగింది. ఆటోలో ఉన్న కుర్రవాడు కాగితం చూసి, మళ్లీ ఆమె వైపు చూసి, జవాబు చెప్పలేకపోయాడు. ఆ కాగితంలో శాస్త్రపరంగా తప్పేమీ లేదు. గాలికి ఎదురుగా గానీ, గాలి పోయేవైపు గానీ కాకుండా అడ్డంగా పక్కకు జరగడమే వాయుమేఘం నుంచి తప్పించుకునే సరైన దారి. అయితే ఆ ఊరివాళ్లకు దిక్కులంటే చెరువు గట్టు, పోలేరమ్మ గుడి, హైస్కూలు, రైలు గేటు. ఆ సాయంత్రం సమీక్షలో ప్రకటనను తిరగరాసి, “గాలి గుడి వైపు వీస్తుంటే చెరువు గట్టెక్కి హైస్కూలుకు రండి, చెరువు వైపు వీస్తుంటే రైలు గేటు దాటండి” అన్నాము. మీ ప్రకటనలు రాసేముందు ఊరంతా కాలినడకన తిరిగి, జనం నోట వినిపించే గుర్తులనే వాడండి. రాసిన తరువాత, చదువు రాని ఇద్దరికి, పదేళ్ల పిల్లవాడికి చదివి వినిపించి, “ఇప్పుడు నువ్వేం చేస్తావు?” అని అడగండి. వాళ్లు చెప్పిన సమాధానమే మీ ప్రకటనకు పరీక్ష.

అదే డ్రిల్‌లో సైరన్ మోగినప్పుడు చాలామంది షిఫ్టు మారిందనుకున్నారు. షిఫ్టు సైరన్‌కూ అపాయ సైరన్‌కూ తేడా చెవికి తెలియాలి. సాధారణంగా హెచ్చుతగ్గులతో మోగేది అపాయానికి, ఒకే స్థాయిలో నిలకడగా మోగేది ముప్పు తొలగిందనడానికి సంకేతం. మీ కర్మాగారంలో వాడుక ఏదైతే అది బడిపిల్లలకు నేర్పించండి. వాళ్లు ఇంటికి వెళ్లి పెద్దవాళ్లకు చెబుతారు, మర్చిపోనివ్వరు కూడా.

పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం వంటి పారిశ్రామిక ప్రాంతాల కార్మికులలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు, వాళ్లు అద్దెకుండే గదులు చాలావరకు కర్మాగారానికి ఆనుకునే ఉంటాయి. తెలుగు ప్రకటన వాళ్లకు అర్థం కాదు. ఒడియాలోను, హిందీలోను అదే ప్రకటనను ఆయా భాషలవారి గొంతుతోనే ముందుగా రికార్డు చేసి ఉంచుకోవాలి. మంచం మీద ఉన్నవారు, చెవి వినపడనివారు, నిండు గర్భిణులు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ జాబితా ఆమె దగ్గరే ఉండనిచ్చి, ఆ ఇళ్లకు ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో పేర్లతో సహా రాసుకోండి.

మొదటి పదిహేను నిమిషాలు

మొదటి ప్రకటనలో ఏం జరిగిందన్నది ఒక్క వాక్యం చాలు, మిగతా అంతా ఏం చేయాలన్నదే ఉండాలి. అలవాటు ప్రకారం వెలువడే ప్రకటన ఇలా ఉంటుంది: “మా యూనిట్‌లో స్వల్ప సాంకేతిక లోపం తలెత్తింది. మా నిపుణుల బృందం పరిస్థితిని అదుపులోకి తెస్తోంది. ప్రజలు ఆందోళన చెందవలసిన అవసరం లేదు.” ఈ మూడు వాక్యాలలో ఊళ్లో ఉన్న మనిషికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పైగా ఆ సమయానికే ముక్కు మండుతున్నవాడికి ఇది అబద్ధమని తెలిసిపోతుంది, ఆ తరువాత మీరు నిజం చెప్పినా వాడు నమ్మడు. అదే అమ్మోనియా లీకుకు ఇలా చెప్పవచ్చు:

“ఇది తహసీల్దారు కార్యాలయం నుంచి హెచ్చరిక. ఫ్యాక్టరీలోంచి అమ్మోనియా గ్యాస్ బయటికి వచ్చింది. గాలి గుడి వీధి వైపు వీస్తోంది. గుడి వీధి, కొత్త కాలనీ వాళ్లు వెంటనే ఇళ్లలోకి వెళ్లండి. తలుపులు, కిటికీలు మూసేయండి. కూలర్లు, ఏసీలు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేయండి. తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కండి. ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు కట్టుకోండి. పిల్లల కోసం బడికి వెళ్లవద్దు, టీచర్లు వాళ్లను లోపలే ఉంచారు. ఊపిరాడకపోతే 108కి ఫోన్ చేయండి. మళ్లీ 6 గంటల 45 నిమిషాలకు చెబుతాము.”

ఇందులో చెబుతున్నది ఎవరో ఉంది, పేరుతో సహా రసాయనం ఉంది, ఏ వీధులవారికో ఉంది, ఏం చేయాలో చిన్న చిన్న క్రియలతో ఉంది, మళ్లీ ఎప్పుడు చెబుతారో గడియారం ప్రకారం ఉంది. బడి గురించిన వాక్యం చూసి కొందరు అది అనవసరమంటారు. పిల్లలు క్షేమమని చెప్పకపోతే తల్లి ఆ గ్యాస్‌లోకే పరుగెత్తుతుంది, ఎవరూ ఆపలేరు. కాబట్టి బడి నుంచి ఆ మాట నిర్ధారించుకుని మరీ చేర్చాలి. లేనిది ఉన్నట్టు చెప్పరాదు.

లోపలే ఉండాలా, బయటికి పోవాలా అన్నది రసాయనాన్ని బట్టి, లీకు ఎంతసేపు సాగుతుందన్నదాన్ని బట్టి, ఇళ్ల కట్టడాన్ని బట్టి మారుతుంది. కాసేపట్లో ఆగిపోయే విషవాయువు లీకైతే మూసిన గది మంచి రక్షణ. అయితే పెంకుటిళ్లు, రేకుల షెడ్లు, తడికల గోడలున్న చోట గది మూయడమన్నది పేరుకే. అటువంటి వీధులకు దగ్గరలోని పక్కా భవనం, బడి గానీ సచివాలయం గానీ, ముందే నిర్ణయించి, అది చేరే దారి గ్యాస్ వచ్చే వైపు కాకుండా చూసుకోవాలి. క్లోరిన్, స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనవి గనుక పల్లంలోను, కాలువల్లోను, నేలమాళిగల్లోను పేరుకుంటాయి, అందువల్ల మేడ మీది గదులు మేలు. అమ్మోనియా, క్లోరిన్ నీటిలో కరుగుతాయి గనుక తడిగుడ్డ కొంత సాయపడుతుంది. నీటిలో కరగని ఆవిరులకు అది ఏమాత్రం చాలదు, చాలుతుందని నమ్మించి జనాన్ని నిలిపి ఉంచకూడదు.

ఎల్పీజీ, సహజవాయువు వంటి మండే గ్యాసుల విషయంలో చెప్పవలసినది దాదాపు తలకిందులవుతుంది. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను లీకై, తెల్లవారుజామున వాయువు ఊరంతా పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంది. పల్లెలో అది పొయ్యిలు వెలిగించే వేళ. అటువంటి చోట మొదటి మాట “పొయ్యి వెలిగించవద్దు, స్విచ్ వేయవద్దు, వేసి ఉన్నది తీయవద్దు, బండి స్టార్ట్ చేయవద్దు, నడిచి రండి” అని ఉండాలి. ఏసీ ఆపమని చెప్పే అమ్మోనియా ప్రకటనను ఇక్కడ చదివితే స్విచ్ దగ్గరి నిప్పురవ్వ చాలు. మైకు కట్టిన ఆటో కూడా ఒక నిప్పే. మండే గ్యాస్ కమ్మిన వీధిలోకి ఆటోను పంపరాదు. విషవాయువు ఉన్న వీధిలోకి పంపితే డ్రైవరే మొదటి బాధితుడవుతాడు. కాబట్టి గ్యాస్ లీకులలో వాహనం మీద కాక సైరన్ మీద, ఊరవతల నుంచి నడపగలిగిన లౌడ్‌స్పీకర్ల మీద, ఫోన్ల మీద ఆధారపడాలి.

ఏ ఒక్క దారీ అందరికీ చేరదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు అన్నీ కలిసి ఒకే కాగితం చదివితే ఊరంతా వింటుంది. వాటి తాళాలు ఎవరి దగ్గరుంటాయో, అర్ధరాత్రి వాళ్లను లేపేదెవరో ముందే తేల్చుకోవాలి. ఒక ప్రాంతంలోని సెల్ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని 2023లో దేశమంతటా పరీక్షించారు. ఫోన్ వింత శబ్దంతో మోగి తెర మీద సందేశం కనిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. విపత్తు నిర్వహణ విభాగం నుంచి ఆ హెచ్చరిక కోరవలసింది ఎవరు, ఏ నంబరుకు ఫోన్ చేసి కోరాలి, ఏ వాక్యం పంపాలి అన్నది ముందుగా నిర్ణయించి ఉంటేనే అది నిమిషాల్లో పని చేస్తుంది.

సైరన్ మోగించడానికి పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూసే పద్ధతిని యాజమాన్యాలు రాతపూర్వకంగా రద్దు చేయాలి. షిఫ్టులో ఉన్న ఎవరైనా మోగించవచ్చునని, పొరపాటున మోగించినా శిక్ష ఉండదని నోటీసు బోర్డులో ఉండాలి. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక ప్రజల కోసం ఉన్న సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది. చిన్న లీకులకు జనాన్ని కంగారు పెట్టకూడదన్న పద్ధతి ప్రకారమే ఆపేశారు. జనం కంగారు పడతారన్న భయమే ఇలాంటి ప్రతి మౌనానికీ సాకు. నేను చూసినంతలో ఏం చేయాలో తెలిసిన మనిషి కంగారు పడడు. ఏమీ చెప్పకుండా వదిలేస్తేనే పడతాడు.

ఒకే గొంతు, తెలియనిది తెలియదనడం

గోడ లోపలి సంగతులు కర్మాగారం ప్రధాన నియంత్రణాధికారి, గోడ బయట ప్రజలు చేయవలసినవి కలెక్టరు గానీ ఆయన నియమించిన అధికారి గానీ చెప్పాలి. మిగిలినవారు, ఎంత పెద్ద పదవిలో ఉన్నా, అదే మాటను తిరిగి చెప్పాలి తప్ప కొత్త దూరాలు, కొత్త అంకెలు చెప్పకూడదు. విశాఖలో ప్రమాదం జరిగిన రోజు రాత్రే మళ్లీ లీకైందన్న మాట పాకి, కర్మాగారానికి దూరంగా ఉన్నవారు కూడా పిల్లాపాపలతో అర్ధరాత్రి రోడ్లెక్కారు. ఒకరు రెండు కిలోమీటర్లంటే మరొకరు అయిదంటే, జనం పెద్ద అంకెనే పట్టుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

చెప్పిన సమయానికి కొత్త విషయమేమీ లేకపోయినా మాట్లాడండి. “6 గంటల 45 నిమిషాలైంది. లీకు ఇంకా ఆగలేదు. గాలి దిశ మారలేదు. ఎంతమందికి జబ్బు చేసిందో ఇంకా లెక్క తేలలేదు. లోపలే ఉండండి. మళ్లీ 7 గంటల 15 నిమిషాలకు చెబుతాము” అన్నది పూర్తి ప్రకటనే. ఆ అరగంట మౌనంగా గడిపితే వాట్సాప్‌లో పాత వీడియోలు కొత్త ప్రమాదానివిగా తిరుగుతాయి. వదంతిని ఖండించేటప్పుడు దాన్ని పూర్తిగా మళ్లీ వినిపించకుండా, నిజాన్ని ముందు చెప్పి, ఎలా తెలిసిందో చెప్పాలి: “రెండో ట్యాంకు చల్లగానే ఉంది, అగ్నిమాపక అధికారులు 7 గంటలకు కొలిచారు.” మృతుల సంఖ్య ఆసుపత్రి నుంచి నిర్ధారణ కాకుండా చెప్పకూడదు. చెప్పిన అంకె తప్పని తేలితే, దిద్దినట్టు బాహాటంగా చెప్పి దిద్దాలి. విలేకరులకు వేరే కథ అవసరం లేదు. ప్రజలకు చదివిన కాగితమే వారికీ ఇచ్చి, నిర్ణీత సమయాలలో ఒకే చోట కలవాలి.

వైద్యులకు మాత్రం వేరే సందేశం, ప్రజలకంటే ముందే వెళ్లాలి. భోపాల్‌లో ఆసుపత్రికి వేలమంది వస్తుంటే, వాళ్లు ఏ వాయువు పీల్చారో, దానికి చికిత్స ఏమిటో వైద్యులకు తెలియలేదు. రసాయనం పేరు, దాని భద్రతా సమాచార పత్రం, అంచనాగా ఎంతమంది రావచ్చన్నది మొదటి అంబులెన్స్ బయలుదేరేలోపే చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ చేరాలి. వ్యాపార రహస్యమన్న మాట ఇక్కడ చెల్లదు.

గేటు దగ్గర నిలబడ్డవాళ్లు

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు, మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు అవసరమయ్యాయి. కొందరి ఆచూకీ దొరకనే లేదు. అలాంటి చోట గేటు బయట నిలబడి ఉన్న భార్యకు, తండ్రికి ఏం చెప్పాలన్నది ఏ ప్రణాళికలోను సరిగా రాసి ఉండదు.

వాళ్లను ఎండలో, పోలీసు తాడు వెనుక నిలబెట్టవద్దు. గేటుకు కొంచెం దూరంలో నీడ, మంచినీళ్లు, కుర్చీలు, మరుగుదొడ్డి ఉన్న చోటు చూసి, అక్కడ వాళ్ల భాష తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టాలి. షిఫ్టు హాజరు పట్టిక, కాంట్రాక్టరు కూలీల జాబితాతో సహా, ఆ మనిషి చేతిలో ఉండాలి. చాలా చోట్ల కాంట్రాక్టు కూలీల పేర్లు కంపెనీ పుస్తకంలో ఉండవు. ప్రమాదం జరిగిన రోజు వెతుక్కుంటే కాంట్రాక్టరు ఫోన్ పలకదు. అందువల్ల ప్రతి షిఫ్టు మొదట్లోనే ఆ జాబితా గేటు బయట కూడా ఒక చోట భద్రమవ్వాలి. గంట గంటకూ ఆ కుటుంబాల దగ్గరికి ఒక అధికారి వెళ్లి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి, అడిగిన ప్రశ్నలన్నీ వినాలి. “లోపల అందరూ క్షేమమే” అన్న అబద్ధం ఆ నిమిషానికి ఓదార్పు అనిపించినా, ఆ కుటుంబం జీవితాంతం మరచిపోదు. మరణవార్తను మైకులో గానీ, వాట్సాప్‌లో గానీ, విలేకరుల ద్వారా గానీ తెలియనివ్వకూడదు. కూర్చోబెట్టి, మనిషికి మనిషి, పేరు పెట్టి చెప్పాలి.

ముప్పు తొలగిందని చెప్పేటప్పుడు

లీకు ఆగిందనడం వేరు, ఇంటికి రావచ్చనడం వేరు. గాలిలో ఎంత మిగిలి ఉందో వీధి వీధికీ కొలిచి, కొలిచిన అంకెను, సురక్షిత పరిమితిని పక్కపక్కన చెప్పి, అప్పుడు రమ్మనాలి. వచ్చేవాళ్లు ముందుగా తలుపులన్నీ తెరిచి గంటసేపు గాలి ఆడనివ్వాలి. ఆ తరువాత జనం అడిగే ప్రశ్నలు అధికారులు అనుకున్నవాటికంటే చిన్నవిగా కనిపిస్తాయి: బిందెలో నీళ్లు తాగవచ్చా, పెరట్లో తోటకూర కోయవచ్చా, ఆవు పాలు పిల్లవాడికి పట్టవచ్చా, ఆరేసిన బట్టలు ఏం చేయాలి, చచ్చిన గేదెకు పరిహారం ఎవరిస్తారు. వీటిలో ప్రతిదానికీ జవాబు ఉండాలి. పరీక్ష ఫలితం రాకపోతే, వచ్చేదాకా వాడవద్దని చెప్పి ట్యాంకరు నీళ్లు, పాల ప్యాకెట్లు ఇవ్వాలి. కొన్ని లక్షణాలు రోజుల తరువాత బయటపడవచ్చు గనుక, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి రావాలో రాసిన కాగితం ఇంటింటికీ చేరాలి.

కొన్ని ప్రమాదాలు గంటల్లో తీరవు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం, మొదలై 65 రోజులు మండింది. అంత కాలం ఇల్లు వదిలి ఉన్నవారికి రోజుకొక నిర్ణీత వేళలో, అదే మనిషి వచ్చి చెప్పడం అవసరం.

పదిహేను రోజుల తరువాత, గ్రామసభ పెట్టి, ఆ రోజు వెలువడిన ప్రతి ప్రకటననూ సమయంతో సహా చదవండి. లీకు ఎప్పుడు తెలిసింది, సైరన్ ఎప్పుడు మోగింది, మొదటి మైకు ఎప్పుడు పలికింది, గుడి వీధికి ఎప్పుడు చేరింది, కొత్త కాలనీకి ఎప్పుడు చేరింది అన్నది జనంతోనే సరిచూసుకోండి. ఎవరికి చేరలేదో ఆ ఇళ్ల పేర్లు ఆ సభలోనే రాసుకుని, ఆ వీధికి లౌడ్‌స్పీకర్ ఎక్కడ పెట్టాలో అక్కడే నిర్ణయించి, పెట్టే తేదీని, పెట్టవలసినవారి పేరును తీర్మానంలో చేర్చండి.